కొండ కాఫీ, గ్రామసభ
అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతంలో పండిన పంటకే ఆ పేరు చెల్లుతుందనే చట్టబద్ధమైన హక్కు, దక్కింది. ఆ పేరు తెచ్చే లాభం ఆ లోయ ఉన్న పాడేరు ఏజెన్సీలోని గిరిజన రైతు ఇంటికి చేరాలంటే స్థానిక పాలన ఏం చేయాలన్నదే ఈ సంచికలోని వ్యాసాలన్నిటినీ కలిపే ప్రశ్న. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల నడుమ ఎర్రబడిన పండ్లనే ఏరి, కోసిన రోజే తొక్క తీసి, కడిగి, ఎత్తైన బల్లలపై ఆరబెడితే గింజకు మంచి నాణ్యత వస్తుంది కనుక, పల్పింగ్ యంత్రం, నీరు, ఆరబెట్టే చోటు ఊరికి దగ్గరగా ఉండటమే మా దృష్టిలో అసలైన విధానం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గింజలు కొన్నా, ఈ ఏర్పాట్లపై నిర్ణయం మాత్రం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు అధికారమిచ్చిన 1996 నాటి పెసా చట్టం స్ఫూర్తితో ఊళ్లోనే జరగాలి. ఈ వాదాన్ని పరిశీలించి, పాఠకులు తమ అభిప్రాయాలు రాయవలసిందిగా మనవి.