ఒకే పేరు, వేరు వేరు వ్యాధులు



కిందటి సంవత్సరము మా సంఘములోని ఒక సహోదరి తన రొమ్ములో చిన్న గడ్డను గమనించినది. నొప్పి లేదు గనుక ప్రమాదము లేదనుకొన్నది. పెండ్లీడుకు వచ్చిన కూతురున్నది గనుక నలుగురికి తెలిస్తే సంబంధములు రావని భయపడి, ఎనిమిది నెలలు భర్తకు కూడ చెప్పలేదు. చివరకు ముక్క పరీక్షలో అది క్యాన్సరని తేలినది.

మేము ఆమె ఇంటికి వెళ్లి, ధైర్యము చెప్పవలెనని ఒక మాట అన్నాము. "మన సంఘములో పెద్దక్కకు ఇదే జబ్బు వచ్చింది కదమ్మా. ఆపరేషను చేయించుకొని, రోజుకొక మాత్ర వేసుకొని, పన్నెండేళ్లుగా పొలం పనికి పోతున్నది. నీకూ అంతే" అని చెప్పి వచ్చాము. అయితే పట్నములో డాక్టరుగారు ఈమెకు ఆ మాత్ర ఇవ్వలేదు. ఆపరేషనుకు ముందే సెలైనులో కలిపి ఎక్కించే మందులు మొదలుపెట్టారు. జుట్టంతా రాలిపోయినది. అప్పుడామె మమ్మును అడిగినది: "అయ్యగారూ, అక్కకు మాత్రతో పోయింది నాకెందుకు పోదు? నా విశ్వాసం తక్కువైందా? లేక డాక్టరు మోసం చేస్తున్నాడా?"

ఆ రెండూ కావు. తప్పు మా మాటలోనే ఉన్నది. అది ఎటువంటి తప్పో తెలిసికొనవలెనని ఆమె రిపోర్టు కాగితములు పట్టుకొని డాక్టరుగారి యొద్దకు వెళ్లాము. ఆయన చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు ఈ నెల మీ ముందుంచుచున్నాము.

రొమ్ము క్యాన్సరు అను పేరు ఒక్కటే గాని, ఆ పేరు క్రింద ఉన్న వ్యాధులు అనేకము. ఈ సంగతి వైద్యులకు కూడ ఒక్క దినములో తెలియలేదు. 1896లో స్కాట్లాండు దేశపు వైద్యుడు జార్జ్ బీట్సన్, ముదిరిన రొమ్ము క్యాన్సరుగల స్త్రీలకు అండాశయములు తీసివేయగా గడ్డలు తగ్గినట్లు ప్రకటించాడు. కాని అందరికీ తగ్గలేదు. కొందరికే ఎందుకు తగ్గెను? దాని జవాబు దొరకుటకు అరువది సంవత్సరములకు పైగా పట్టినది. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయములో ఎల్వుడ్ జెన్సన్ ఈస్ట్రోజన్ అను స్త్రీ హార్మోనును పట్టుకొనే గ్రాహకము కణములలో ఉన్నదని కనుగొన్నాడు. గ్రాహకము తాళము వంటిది, హార్మోను దాని చెవి వంటిది. తాళము ఉన్న క్యాన్సరు కణమునకే ఆ చెవి పనిచేయును, కణము పెరుగును. 1962లో ఇంగ్లాండులో తయారైన టామోక్సిఫెన్ అను మందు ఆ తాళపు రంధ్రములో విరిగి ఇరుక్కొన్న పుల్లవలె పనిచేయును. చెవి ఇక తిరుగదు. మా పెద్దక్క వేసికొన్నది ఆ మాత్రనే. ఆమె గడ్డకు తాళమున్నది. ఈ సహోదరి గడ్డకు లేదు. లేని తాళమునకు ఆ మాత్ర ఏమి చేయగలదు?

మరియొక రకమున్నది. హెర్2 అను జన్యువు కొన్ని గడ్డలలో ఉండవలసిన దానికంటె ఎక్కువ ప్రతులుగా ఉండును. అప్పుడు కణమునకు "పెరుగు, పెరుగు" అను ఆజ్ఞ ఆగకుండ అందుచుండును. ఇట్టి గడ్డలు త్వరగా తిరుగబెట్టుచున్నవని 1987లో లాస్ ఏంజిలిస్ వైద్యుడు డెనిస్ స్లామన్, ఆయన తోటివారు చూపించారు. ఆ దినములలో అది చెడ్డ కబురే. కాని ఆ గుర్తునే గురిగా పెట్టుకొని తయారుచేసిన ట్రాస్టుజుమాబ్ అను మందుకు 1998లో అమెరికాలో అనుమతి లభించినది. ఆపరేషను తరువాత మామూలు మందులతోపాటు దీనినియు ఇచ్చినయెడల వ్యాధి తిరుగబెట్టుట సుమారు సగమునకు తగ్గుచున్నదని 2005లో పరిశోధనలు తెలియజేసినవి. నిన్న చావు కబురుగా ఉన్న గుర్తు నేడు మందుకు దారి చూపించునదైనది.

2000 సంవత్సరములో చార్లెస్ పెరూ, ఆయన తోటి పరిశోధకులు గడ్డలలోని వేలకొలది జన్యువుల పనిని ఒకేసారి పరిశీలించి, ఇవి వేరు వేరు కుటుంబములని చూపించారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గ్రాహకములు, హెర్2 - ఈ మూడింటికిని "లేదు" అని వచ్చిన గడ్డ మా సహోదరిది. అట్టివారికి ముఖ్యముగా కీమో మందులే ఆధారము. కీమో అనగానే భయపడువారు ఒక్క సంగతి తెలిసికొనవలెను. 1976లో ఇటలీలోని మిలాన్ వైద్యుడు బొనడొన్నా ఆపరేషను తరువాత ఇచ్చి మేలు చూపిన మూడు మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. అది మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపించిన పరిశోధన నుండి వచ్చినదే.

ఇక అందరు అడిగే ప్రశ్న: "ఎన్నాళ్లు బ్రతుకుతుంది?" గడ్డ పరిమాణము, చంకలోని బిళ్లలకు పాకినదా లేదా, కణముల రకము - వీటిని బట్టి వైద్యులు ఒక అంచనా చెప్పుదురు. అది నూరుమంది స్త్రీలను గూర్చిన లెక్కయేగాని ఒక్క మనిషికి వ్రాసిన తీర్పు కాదు. మూడును లేని రకము తిరుగబెట్టినచో ఎక్కువగా మొదటి కొద్ది సంవత్సరములలోనే తిరుగబెట్టును. అయిదేండ్లు దాటిన తరువాత ఆ భయము బాగా తగ్గును. హార్మోను రకము నెమ్మదియైనదే గాని పది పదిహేనేండ్లకు కూడ తిరిగి రావచ్చును. అందుచేత ఒంట్లో బాగున్నదని మాత్రలు మానరాదు.

మన కుటుంబములు చేయవలసినవి మూడు. మొదటిది, దాచవద్దు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998 నుండి లక్షన్నర మందికి పైగా స్త్రీలతో పరిశోధన జరిపారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో రొమ్ములు పరీక్షించిన స్త్రీలలో వ్యాధి ముందుగా బయటపడినది. ఏబది దాటినవారిలో మరణములు దాదాపు నూటికి ముప్పది వంతులు తగ్గినట్లు 2021లో ప్రకటించారు. ఇందుకు పెద్ద యంత్రములు కావలసి రాలేదు. రెండవది, గ్రాహకముల రిపోర్టు అడిగి తీసికొని జాగ్రత్తగా దాచండి. ఏ ఆసుపత్రికి వెళ్లినను అది కావలెను. మూడవది, ఇది అంటువ్యాధి కాదు, శాపము కాదు. వంశపారంపర్యముగా వచ్చునది నూటికి అయిదు నుండి పది మాత్రమే. తల్లికి వచ్చినదని ఆడపిల్ల సంబంధము తప్పించుట అన్యాయము.

మేము ఆ సహోదరి ఇంటికి మరల వెళ్లి, "అమ్మా, మేము తెలియక చెప్పాము, క్షమించు" అని రిపోర్టు చూపించి ఇదంతయు వివరించాము. ఆమె తలగుడ్డ సర్దుకొని కొంచెము నవ్వినది. "అయితే నా జబ్బు నాదే, అక్కది అక్కదే. నేను చేసిన తప్పేమీ లేదు కదా అయ్యగారూ?" అన్నది. లేదని చెప్పాము. తరువాతి సెలైనుకు వెళ్లునప్పుడు ఆమెతో కూడ బస్సెక్కినది ఆ పెద్దక్కయే.