పులిని లారీల తెచ్చుకునే రోజు రావద్దంటే..

మాది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా. పత్తి ఏరే కాలమొచ్చిందంటే మా దిక్కు వాట్సాప్ గ్రూపులల్ల పులి ముచ్చట్లే. పలానా వాగు కాడ అడుగులు కనవడ్డయంటరు, పలానా చేన్ల లేగను కొట్టిందంటరు. 2024 నవంబర్ల కాగజ్‌నగర్ దిక్కు పత్తి ఏరవోయిన ఆడిబిడ్డ పులి దాడిల పానం ఇడిసింది. అదే ఏడు జనవరిల గీ అడవుల్లనే రెండు పులులు సచ్చినయి, విషం పెట్టిన్రని కేసులైనయి. ఇటు మనిషి పోతుండు, అటు పులి పోతుంది. తప్పు ఎవరిది?

నన్నడిగితే, ముక్కలైన అడివిది.

1967ల రాబర్ట్ మెక్‌ఆర్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే అమెరికా సైంటిస్టులు దీవుల మీద ఒక పుస్తకం రాసిన్రు. ముచ్చట సీదాగుంటది. దీవి ఎంత చిన్నగుంటే అండ్ల జీవాలు అంత జల్ది ఖతమైతయి. ఒడ్డుకు దగ్గరుంటే పోయినోటి జాగల కొత్తయి వస్తయి, దూరముంటే రావు. మోటు లెక్కల చెప్పాలంటే, జాగ పదో వంతుకు తగ్గితే అండ్ల బతికే రకాలు సగానికి పడిపోతయి.

దీవి అంటే సుట్టు నీళ్లే ఉండాలని లేదు. రోడ్లు, రైలు పట్టాలు, గనులు, కంచెలు.. అడివి జీవానికి గివే సముద్రం. చెట్లు పచ్చగనే కనిపిస్తయి, లోపల అడివి సప్పుడు లేకుండ ఖాళీ అయితది.

నమ్మకుంటే ఒడిశాల సిమిలిపాల్‌ను సూడుండ్రి. అక్కడి పులులకు బయటి పులులతోని సంబంధం తెగింది. ఉన్న కొన్నిట్లనే జతలు కలిసి, నల్ల చారలు కలిసిపోయిన పులులు పుడుతున్నయి. సూడనీకి వింతగుంటది గని, అది ఒంటరితనం గుర్తు. కొత్త రక్తం కావాలని 2024ల మహారాష్ట్ర తాడోబా నుంచి రెండు ఆడపులుల్ని బండ్ల మీద తీస్కపోయిన్రు. అండ్ల జీనత్ అనేది జార్ఖండ్, బెంగాల్ దాక తిరిగింది. పట్టుకొని మళ్ల తేవాల్సొచ్చింది.

గదే తాడోబా నుంచి మన కాడికి పులులు కాళ్ల మీద నడిచి వస్తున్నయి. ఫాల్గుణ అనే ఆడపులి గట్లనే వచ్చి కాగజ్‌నగర్ అడవుల్ల పిల్లల్ని పెట్టింది. 2012ల టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్‌కు ఆ తొవ్వనే పానం. తొవ్వ మూసుకుంటే కవ్వాల్ గూడ ఒక దీవే.

2025 మే ల సర్కారు జీవో 49 తెచ్చింది. గీ తొవ్వల 1,492 చదరపు కిలోమీటర్ల అడివిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అన్నది. మమ్ముల అడగలేదని, మా భూములు పోతయని ఆదివాసీలు లొల్లి జేసిన్రు. జులైల జీవోను ఆపిన్రు.

పులి కావాల్నా, ఆదివాసి కావాల్నా అని అడిగేటోని మాట నేను ఇనను. వన్యప్రాణి చట్టం 36ఏ సెక్షన్ సదువుండ్రి. ఒక అడివిని ఇంకో అడివితోని కలిపే జాగను రిజర్వ్ చెయ్యొచ్చు, గని ముందుగాల అక్కడి జనంతోని మాట్లాడాలె అని ఉన్నది. 36బీ ల అయితే, దాన్ని సూసుకునే కమిటీల ప్రతి పంచాయతీ నుంచి ఒక మనిషి ఉండాలె. అంటే మన కుర్సీ చట్టంలనే ఉన్నది, మనకు చెప్పినోడే లేడు.

ఇంకో ముచ్చట. మన ఆదిలాబాద్, నిర్మల్ మీదికెళ్లి పోయే 44వ నంబర్ హైవేకు మహారాష్ట్ర పెంచ్ కాడ జంతువుల కోసం 9 దారులు కట్టిన్రు. కెమెరాలు పెడితే 18 రకాల అడివి జంతువులు వాటి కిందికెళ్లి నడిచినట్టు తేలింది, అండ్ల పులులు గూడ ఉన్నయి. దారి ఇస్తే జీవం దారిల్నే పోతది. దారి లేకుంటేనే చేన్లకొస్తది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, జీవో మళ్ల ఎప్పుడన్న రావొచ్చు. అప్పుడు గ్రామసభల రెండు మాటలు అడుగుండ్రి. మా పట్టాలకు రాతపూర్వకంగ భరోసా ఏది? రోడ్డు కింద, పట్టాల కింద దారులు ఎన్ని? గీ రెండిటికీ జవాబు దొరికితే పులి తొవ్వ పులికుంటది, మన చేను మనకుంటది. దొరకకుంటే, నడిచొచ్చే పులిని పోగొట్టుకొని రేపు లారీల తెచ్చుకోవాల్సొస్తది.