కాచిన నీటి ఖరీదెంత?

నీరు కాచుకొని తాగడం మంచిదన్న మాటను కాదనేవారు లేరు. ఆయుర్వేద గ్రంథాలు ఉష్ణోదకాన్ని ప్రశంసించాయి. వానాకాలం రాగానే ఆధునిక వైద్యులూ అదే హితవు చెబుతారు. అయితే ఆచరణకు అడ్డుపడేది శాస్త్రం కాదు, పొదుపు. గ్యాసు మీద కాచడం చవకా, కరెంటు మీద కాచడం చవకా అన్న వాదం మధ్యతరగతి ఇళ్ళలో తరచుగా వినిపించేదే. ఈ విషయంలో నేను చేసిన పొరపాటును ముందుగా చెప్పుకొని, పిదప లెక్కలోకి వస్తాను.

కొన్నేళ్ళ క్రితం సిలిండరు నెల తిరగకుండానే అయిపోతున్నదని, మా ఇంట్లో నీళ్ళు కాచడం మాన్పించినవాణ్ణి నేనే. కుళాయి నీళ్ళు శుభ్రం చేసే పంపుతారు గదా అన్నది నా వాదన. “పసివాడున్న ఇల్లండీ, వద్దు” అన్నది మా శ్రీమతి. నేను వినలేదు. ఆ శ్రావణంలో మా మనవడికి కామెర్లు వచ్చాయి. ఆ నీటివల్లనే వచ్చాయని నిరూపించలేను. కాదని నన్ను నేను నమ్మించుకోనూ లేను. పిల్లవాడు కోలుకున్నాడు గాని, మూడు వారాలపాటు వాడి పచ్చని కళ్ళు చూసిన తరువాత, నేను మిగిల్చిన సొమ్మెంతో తెలుసుకోవాలనిపించి కాగితం తీసుకొని కూర్చున్నాను.

25 డిగ్రీల వేడిమిలో ఉన్న లీటరు నీటిని 100 డిగ్రీలకు తేవడానికి 75 కిలో కెలోరీలు కావాలి. 1500 వాట్ల కెటిల్ ఈ పనిని సుమారు నాలుగు నిమిషాల్లో చేస్తుంది. అంటే యూనిట్‌లో పదో వంతు. ఒక యూనిట్‌కు పది లీటర్లు. ఇక గ్యాసు. 14.2 కిలోల సిలిండరులో సుమారు 180 యూనిట్లతో సమానమైన వేడి ఉంటుంది. మంట వేడిలో కొంత గిన్నె పక్కలనుండి గాలిలో కలిసిపోతుంది కనుక, నూటికి అరవై పాళ్ళు మాత్రమే నీటికి చేరుతుందనుకుందాం. అప్పుడు సిలిండరుకు 1200 లీటర్లకు పైచిలుకు కాగుతాయి.

దీన్నుండి ఒక సులువైన సూత్రం దొరుకుతుంది. సిలిండరు ధరను 120తో భాగించండి. మీ కరెంటు బిల్లులో చివరి శ్లాబు రేటు అంతకంటె తక్కువైతే కరెంటు చవక; ఎక్కువైతే గ్యాసు చవక. అదనంగా వాడే ప్రతి యూనిట్ పై శ్లాబులోనే పడుతుంది కనుక సగటు రేటు చూడకూడదు. ఉదాహరణకు సిలిండరు 900 రూపాయలైతే ఆ హద్దు ఏడున్నర రూపాయలు.

రోజుకు 8 లీటర్లు, నెలకు 240 లీటర్లు కాచే ఇంటికి ఆ ధరన గ్యాసుకు 180 రూపాయలవుతుంది. యూనిట్ 6 రూపాయలైతే కరెంటుకు 144. 9 రూపాయలైతే 216. తేడా ఎటు చూసినా నెలకు 36 రూపాయలు! ఇందుకోసం వెయ్యి రూపాయలు పెట్టి కొత్త కెటిల్ కొంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి రెండేళ్ళు దాటుతుంది. నేను మనవడి ఆరోగ్యాన్ని పణంగా పెట్టి మిగిల్చిందీ రోజుకు ఆరు రూపాయలే.

కనుక గ్యాసా, కరెంటా అన్నది అసలు ప్రశ్నే కాదని నా అభిప్రాయం. ఖర్చంతా నీరు మరిగిన తరువాత మనం చేసే ఆలస్యంలో ఉన్నది. లీటరు నీరు ఆవిరి కావడానికి 540 కిలో కెలోరీలు కావాలి. ఎనిమిది లీటర్లు కాచి, మరచిపోయి, ఒక లీటరు ఇగిరిపోనిస్తే ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. ఇరవై నిమిషాలు తెర్లితేనే క్రిములు చస్తాయన్నది అపోహ. మన ప్రాంతాల్లో నీరు సుళ్ళు తిరుగుతూ ఒక్క నిమిషం తెర్లితే చాలు. మూత పెట్టి కాచడం, మంట గిన్నె అడుగు దాటకుండా చూడడం, బర్నరు రంధ్రాలు శుభ్రంగా ఉంచడం, కాగిన పాత్రలోనే మూతతో చల్లారనివ్వడం: అసలు పొదుపు ఇదే.

కషాయాల సంగతి వేరు. అక్కడ నీరు ఇగరడమే ప్రయోజనం. పదహారు పాళ్ళ నీటిని ఎనిమిదో వంతు మిగిలేలా కాచమని శార్ఙ్గధరుడు చెప్పింది ఔషధానికి. దానికి సన్నని మంట మీది గిన్నే తగినది. మరగగానే ఆగిపోయే కెటిల్ పనికిరాదు. సగానికి మరిగించిన నీరు కూడా వైద్యుడు చెప్పినప్పుడు రోగికి ఇవ్వవలసినదే గాని, ఇంటిల్లిపాదికీ నిత్యమూ అవసరం లేదు.

మరొక హెచ్చరిక. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోవలె ఫ్లోరైడు ఉన్న నీటిని కాచినందువల్ల ఆ దోషం పోదు. నీరు ఇగిరినకొద్దీ మరింత చిక్కబడుతుంది. అట్టి చోట్ల నీటిని మార్చుకోవాలి లేదా ఫ్లోరైడును తొలగించే శుద్ధి చేయించాలి.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక నీళ్ళు కాచే పని నాది. గ్యాసు మీదనే కాస్తాను. తెర్లు రాగానే నిమిషం లెక్కపెట్టి పొయ్యి కట్టేస్తాను. మీరు ఏ పొయ్యి మీద కాచినా సరే, కాచడం మాత్రం మానవద్దు.