దుమ్ము మీద నెపం

కర్నూలులో గానీ కడపలో గానీ స్పేర్ పార్ట్స్ అంగడికి వెళ్లి మంచి చైన్ సెట్ ఏదని అడిగితే వినిపించే జవాబు దాదాపు ఒకటే: "ఈ దుమ్ముకు ఏదీ నిలబడదన్నా. చవకది ఏసుకో, పోతే ఇంకోటి ఏసుకుందువు." చెప్పేవాడికి అనుభవం ఉంది, వినేవాడికి తొందర ఉంది. అందుకే ఎవరూ ఎదురు చెప్పరు. కానీ ఈ మాటలో నిజం సగమే. మిగతా సగం బద్ధకం.

ముందు నిజం సంగతి చూద్దాం. చైన్ పొడుగవుతున్నదంటే ఉక్కు సాగిందని కాదు. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైన్ తయారుచేసినప్పటి నుంచి దాని కట్టుబడి మారలేదు: లోపల పిన్ను, దానిపై బుష్, ఆపైన రోలర్. పిన్నుకూ బుష్‌కూ మధ్య దుమ్ము చేరి రెండింటినీ అరగదీస్తుంది. ఒక్కో కీలులో 0.1 మిల్లీమీటరు అరిగినా, 110 కీళ్ల చైన్ 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన దుమ్ములన్నీ ఒకటి కూడా కావు. కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి జాతి; మోస్ కొలతలో దాని గట్టిదనం 3 దగ్గర ఉంటుంది. పెన్నా ఇసుకలో, ఎర్రనేలల్లో ఉండే క్వార్ట్జ్‌ది 7. పిన్నును తినేది ముఖ్యంగా ఇదే. ఇంతవరకూ మెకానిక్ మాట ఒప్పుకోవాల్సిందే.

మరి ఒకే ఊళ్లో, ఒకే దారిలో తిరిగే రెండు బండ్ల చైన్లు ఒకేసారి ఎందుకు పోవు? దుమ్ము ఇద్దరికీ సమానమే. తేడా ఉన్నది ఎంపికలో, సాకడంలో. తప్పంతా దుమ్ము మీదకు నెట్టేస్తే ఈ రెండింటి గురించీ ఎవరూ అడగరు.

మొదటి తప్పు, చైన్ ఒక్కటే మార్చడం. మన దగ్గర తిరిగే 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి 428 చైన్ ఉంటుంది. దాని పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, 12.7 మిల్లీమీటర్లు. కొత్త చైన్‌లో 20 పిచ్‌లు కొలిస్తే 254 వస్తుంది. అదే కొలత 257కు చేరిందంటే ఒక శాతం పైన అరిగినట్టు. అలా అరిగిన చైన్‌తో తిరిగిన స్ప్రాకెట్ పళ్లు కూడా దానికి తగ్గట్టే అరిగి కొక్కేల్లా వంగుతాయి. వాటి మీద కొత్త చైన్ వేస్తే బరువు అన్ని పళ్ల మీదా సమంగా పడదు, ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. కొత్త చైన్ కూడా త్వరగా పాడవుతుంది. అప్పుడు మళ్లీ దుమ్మునే తిడతాం.

దీనికన్నా ఘోరం లింకు కత్తిరించడం. అరిగిన చైన్‌లోంచి లోపలి లింకు ఒకటి, బయటి లింకు ఒకటి తీసేస్తే 25.4 మిల్లీమీటర్లు తగ్గి లూజు పోతుంది. మిగిలిన ప్రతి కీలులోని అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకేసారి మార్చాలి.

రెండో తప్పు, "లావుగా ఉంటే ఎక్కువ రోజులొస్తుంది" అనే నమ్మకం. 428 పక్కన హెచ్ అని ఉంటే ప్లేట్లు మందం, లాగుడుకు బలం ఎక్కువ. కానీ మన చైన్లు తెగి పోవడం అరుదు, అరిగి పోవడమే ఎక్కువ. దుమ్ము నేలకు అసలైన మెరుగుదల ఓ-రింగ్ చైన్. అందులో ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు బయటికి రాకుండా, దుమ్ము లోపలికి పోకుండా రబ్బరు రింగులు ఆపుతాయి. ధర ఎక్కువ, వెడల్పూ కాస్త ఎక్కువ. కాబట్టి మీ బండి సైజులో దొరికి, చైన్ కవర్‌లో తగలకుండా తిరిగితేనే తీసుకోండి.

ఆ కవర్ మాటా చెప్పాలి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కు చైన్ మొత్తాన్నీ కప్పే కవర్ ఉండేది. మన దారులకు అది వరం. చప్పుడు చేస్తోందనో, చూడ్డానికి బాగాలేదనో కవర్ ఊడదీసి, తర్వాత చైన్ నిలబడలేదని వాపోవడం దేనికి?

మూడో తప్పు, మైలేజీ కోసం పళ్లు మార్చడం. ముందు 14, వెనక 42 పళ్లున్న బండి అనుకుందాం. నిష్పత్తి 3. ముందు ఒక పన్ను పెంచితే 2.8. అదే వేగానికి ఇంజిన్ చుట్లు ఏడు శాతం దాకా తగ్గుతాయి. నంద్యాల నుంచి మైదుకూరు దాకా హైవే మీద ఇది హాయిగానే ఉంటుంది. ఇద్దరు మనుషులు, ఒక మూట వేసుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు గేరు దించక తప్పదు, క్లచ్ మీద భారం పడకా తప్పదు. రోజూ ఘాట్‌లోనో, పొలం దారిలోనో తిరిగేవాళ్లు కంపెనీ ఇచ్చిన పళ్లే ఉంచుకోవాలి.

ఇక చైన్‌కు పూసే కాలిన ఇంజిన్ ఆయిల్. అందులో మసీ, లోహపు నలుసులూ ఉంటాయి. దానికి మన ఇసుక తోడైతే చైన్‌ను మనమే సానబట్టినట్టు. కిరోసిన్‌తో తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ పలచగా వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేస్తే చాలు.

"పాలక్యాన్లు మోసే బండికి అంత డబ్బెక్కడిది?" అనే ప్రశ్న న్యాయమైనదే. అయితే చవక సలహా వల్ల నష్టపోయేది కూడా ఆ పాలబండి మనిషే. సగం సెట్ రెండుసార్లు కొని, రెండుసార్లు కూలి కట్టి, రెండు పూటలు పని మానుకునేది ఆయనే. కవర్ ఉంచుకోవడానికి పైసా ఖర్చు లేదు. 20 పిచ్‌లు కొలవడానికి ఒక స్కేలు చాలు. కొనేముందు సైజు, లింకుల లెక్క, పళ్ల లెక్క పాతదానితోనూ బండి పుస్తకంతోనూ సరిచూసుకోవడం కూడా ఉచితమే. బిగించాక లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకే ఉందో లేదో చూసుకుంటే చాలు.

దుమ్ము చైన్ ఆయుష్షు తగ్గిస్తుంది, నిజమే. అందుకే ఇక్కడ తప్పుడు ఎంపికకు తడి నేలల్లో కన్నా ఎక్కువ మూల్యం చెల్లించాలి. దుమ్ము ఎక్కువ కాబట్టి ఏదైనా ఒకటే అనేవాడు లెక్కను తలకిందులు చేస్తున్నాడు. దుమ్ము ఎక్కువ కాబట్టే ఏదో ఒకటి పనికిరాదు.