ముఖం మారితే వెల మారింది

ఒకే సంస్థ చేసింది. ఒకే కేసు, లోపల ఒకే యంత్రం. అయినా ఒక గడియారం వెల మరోదానికి ఎన్నో రెట్లు! 1960లలో రోలెక్స్ సంస్థ తయారు చేసిన ‘డేటోనా’ చేతి గడియారాల కథ ఇది. వాటిలో కొన్నింటికి డయల్ కాస్త వేరుగా ఉండేది. డయల్‌లోని మూడు చిన్న వలయాల్లో గీతల చివర బుల్లి చతురస్రాలు, అంకెల్లో కొత్త తీరు. ఆ రోజుల్లో వాటిని కొనేవారే కరువయ్యారు. తర్వాత అమెరికా నటుడు పాల్ న్యూమన్ అలాంటిదే పెట్టుకోవడం చూసి, సేకరించేవారు ఆ డయల్‌కు ఆయన పేరే పెట్టారు. 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో ఆయన సొంత గడియారం ఏకంగా కోటీ 77 లక్షల డాలర్లు పలికింది.

డయల్‌కే అంత వెల ఉంటే మోసం ఊరుకుంటుందా? మామూలు గడియారానికి నకిలీ డయల్ బిగించి అమ్మేవారు బయల్దేరారు. అందుకే నిపుణులు భూతద్దం పట్టుకుని ఒక్కో గీతనూ, ఒక్కో అక్షరాన్నీ పరీక్షిస్తారు.

డయల్ ఏదైనా అవి చూపే సమయం ఒక్కటే. నిన్న వద్దన్న లోకమే నేడు కోట్లు కుమ్మరిస్తోంది. మనుషులనూ మనం ఇలాగే రంగు, బట్టలు, ఇంటిపేరు చూసి వెలకడుతున్నామా? దేవుడు మనిషిని అలా వెలకట్టడు.

కారు పందేలంటే ప్రాణమైన న్యూమన్‌ను జాగ్రత్తగా నడపమని కోరుతూ, భార్య జోఆన్ వుడ్‌వర్డ్ ఆ గడియారం వెనుక ఒక మాట చెక్కించింది. లోకం చూసింది డయల్‌ను. ఆ మాట మాత్రం ఎవరికీ కనబడకుండా ఆయన చేతిని అంటిపెట్టుకుని ఉండేది. మన జీవితాల్లోనూ ఆ వెనుకవైపు ఏముందో చూసుకోవాలి.