కాఫిరు, జిమ్మీ, పౌరుడు

1998లో సైబర్ టవర్సు తలుపులు తెరచిన నాటినుండి మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి పొలములు పోయి మేడలు లేచినవి. ఆ మేడలలో నల్లగొండ హిందువును, పాతబస్తీ ముసల్మానును, గుంటూరు క్రైస్తవుడును ఒకే బల్లకడ గూర్చుండి సముద్రముల కావలివారి పనులు చక్కబెట్టుచున్నారు. సాయంకాలమున చేతిఫోను తెరచిరా, అది వేరొక లోకము. అందొకడు పరమతస్థుని కాఫిరని తిట్టును. మరియొకడు ఆ మాటనే పైకెత్తి చూపి, ఇదిగో మీ పొరుగువాడు మిమ్ము శత్రువనుచున్నాడని కేకలు వేయును. ఇరువురికిని ఆ పదముయొక్క అర్థముతో బనిలేదు. దానివలన బుట్టు పగతోనే పని.

కాఫిరనగా నేమి? అరబ్బీ భాషలో దాని ధాతువునకు కప్పుట యని యర్థము. సత్యమును కప్పిపుచ్చువాడు కాఫిరు. ఖురాను 57వ అధ్యాయమున ఇదే పదము విత్తనమును మట్టితో గప్పు కర్షకులకు వాడబడినదని వ్యాఖ్యాతలు పలువురు చెప్పుదురు. ఆ లెక్కను మాదాపురమున జొన్నలు విత్తిన మన రైతులందరును కాఫిరులే! ఉర్దూ కవులైతే ప్రేయసినే కాఫిరని పిలిచి మురిసిపోయిరి. యూదులకును క్రైస్తవులకును గ్రంథము గలవారను వేరు పేరు గలదు. ముసల్మాను ప్రభుత్వపు రక్షణలో నుండి జిజియా చెల్లించు అన్యమతస్థుడు జిమ్మీ. అక్బరు 1564లో జిజియాను ఎత్తివేసెను. ఔరంగజేబు 1679లో మరల విధించెను. గ్రంథ మొకటే, సింహాసన మొకటే. పన్ను మాత్రము ప్రభువు బుద్ధినిబట్టి పోయినది, వచ్చినది.

కావున ఇది మతశాస్త్ర పరిభాష మాత్రమే, రాజకీయములతో దీనికి సంబంధము లేదను వాదమును మేమంగీకరింపజాలము. హైదరాబాదు ఆ సంబంధమును కన్నులార జూచినది. ఎనుబది పాళ్లకు మించి హిందువులున్న సంస్థానములో, ప్రభుత్వము ముసల్మానుల సొత్తని బోధించుటకు "అనల్ మాలిక్" అను నినాదమును ఇత్తెహాదు నాయకుడు బహదూర్ యార్ జంగు లేవదీసెను. నేనే ప్రభువునని దాని యర్థము. జట్కా తోలుకొను బీద ముసల్మానుగూడ రాజేనట! అతని కడుపు నిండలేదు గాని, పక్కయింటివాడు ప్రజ యయ్యెను. ఆ బోధ ఖాసిం రజ్వీ చేతికి వచ్చునప్పటికి రజాకారుల తుపాకియై పరిణమించినది. 1948 ఆగస్టులో వారి కత్తికి ఎర యైనది ఎవరు? ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాను. ఆయన ముసల్మానే. ఇండియన్ యూనియనులో సంస్థానము చేరవలెనని వ్రాసినందుకు ఆయన చేయి నరికి చంపిరి. మతము పేర బయలుదేరిన వేర్పాటునకు తుదకు మతముతోడను బని లేకపోయెను.

మన యింటి సంగతియు జెప్పుకొనవలయును. మ్లేచ్ఛ శబ్దమును ఎవరు కల్పించిరి? అయినను మన పూర్వులు ఆ శబ్దముకడనే నిలిచిపోలేదు. విజయనగర ప్రభువులు సుల్తాను శబ్దమును సురత్రాణ యని సంస్కరించి తమ బిరుదుగా దాల్చిరి. గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరుడు తన తపతీసంవరణోపాఖ్యానము నాయనకే యంకితమిచ్చెను. పల్లెలలో నేటికిని ముసల్మానును సాయెబుగారందురు. అది గౌరవవాచకమని చెప్పువాని కెవడును నేర్పలేదు. హుసేనుసాగరమునకు పేరైన హుసేన్ షావలీ దర్గా ఈ ఐటీ మేడలకు చేరువలోనే యున్నది. అచట మ్రొక్కువారిలో హిందువులును గలరు. ఆ మ్రొక్కు మ్రొక్కువారిని ఏ శాస్త్రపు టరలో నుంచుదురో పండితులే చెప్పవలె.

ఈ చిక్కును విప్పినవారు లేకపోలేదు. 2019లో ఇండోనీషియాలోని నహ్దతుల్ ఉలేమా పండితులు పశ్చిమ జావాలోని బంజర్ పట్టణమున సభచేరి, ఒకే దేశపు ప్రజలలో ముసల్మానులు కానివారిని కాఫిరులనరాదు, పౌరులనవలెనని తీర్మానించిరి. గ్రంథములో అక్షరము మార్చలేదు. మతశాస్త్రమును పాఠశాలలోనే యుంచి, రాజ్యమున దానికి అధికారము లేదనిరి. అంతకంటె హైదరాబాదు అడుగునది గూడ లేదు.

మన ఉర్దూ పత్రికలు హిందువులను బిరాదరానె వతన్, స్వదేశ సోదరులని వ్రాయుచునే యున్నవి. సిటిజనునకు ఉర్దూలో షహరీ యందురు, షహరనగా పట్టణము. మన పౌరుడును పురమునుండి పుట్టినవాడే. రెండు భాషలును ఒక్క తలంపునకే వచ్చినవి. జామియా నిజామియా వంటి విద్యాపీఠము గల నగరమున, బంజరు పండితులు చెప్పినమాటను శుక్రవారపు ఖుత్బాలో బహిరంగముగా జెప్పుటకు ఎవరు ముందుకు వత్తురు? మ్లేచ్ఛుడను మాటను వేదికపై పలుకనని ప్రమాణము చేయుటకు మన ఉపన్యాసకులలో ఎవరు సిద్ధము? పేర్లు వచ్చినయెడల ఈ పుటలోనే ప్రకటింతుము.