నంబరు లేని తుపాకీ ఎవరిది?

మద్దేడ్ ఉన్న బీజాపూర్ జిల్లాలో ఎదురుకాల్పుల తర్వాత తుపాకులను వరుసగా పేర్చి చూపడం ఆనవాయితీ. వాటి సీరియల్ నంబర్లు వెల్లడించడం అరుదు. దళాల నుంచి అపహరించిన ఇన్సాస్ దొరికితే, అది ఏ బెటాలియన్‌దో ఆ నంబరే చెబుతుంది. నాటు భర్మార్‌కు కర్మాగార ముద్ర ఉండదు. అది ఎవరి చేతిలో దొరికిందన్నదానికి పోలీసుల మాటే సాక్ష్యం.

నంబరు చెరిపిన తుపాకీ దొరికితే, చెరిపింది దాన్ని కలిగి ఉన్నవాడేనని 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షన్ భావిస్తుంది. కాదని అతడే నిరూపించుకోవాలి. పౌరుడిపై ఇంత భారం మోపిన రాజ్యం తన లెక్క చెప్పనక్కరలేదా? 2012లో ఇదే జిల్లా సార్కెగూడలో 17 మంది మరణించారు. వారు మావోయిస్టులనడానికి ఆధారాల్లేవన్న న్యాయ విచారణ నివేదిక బయటికొచ్చేసరికి ఏడేళ్లు గడిచాయి. స్వాధీనమైన ప్రతి ఆయుధం నంబరునూ, నంబరు లేకుంటే ఆ సంగతినీ, పంచనామాతోపాటే ప్రజల ముందుంచాలి. చనిపోయినవాడు తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోలేడు.